సముద్రం బొమ్మ వేస్తే నీలం గోడలా వస్తోంది, ఎందుకు?

మీ నీలం రంగులో తప్పేం లేదండీ. నీళ్ళ మీద పెట్టిన శ్రద్ధ ఇసుక మీద పెట్టలేదు, అంతే. పన్నెండేళ్ళుగా ఒడ్డున కూర్చుని కాన్వాసులు పాడుచేస్తున్నవాణ్ణి కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

మొదట్లో నేనూ ఫొటో చూసే వేసేవాణ్ణి. ఒకరోజు ఆయిల్ రంగులు పట్టుకుని ఒడ్డుకే వెళ్ళాను. గంటన్నర కుస్తీపట్టి నీళ్ళు వేశాక, గవ్వలు ఏరుకుంటున్న ఓ పిల్ల వచ్చి తొంగిచూసింది. "మబ్బు ఇక్కడ కూడా ఉందిగా, వెయ్యలేదేం?" అంటూ నా కాళ్ళ దగ్గర చూపించింది. నిజమే! అల వెనక్కి జారగానే తడి ఇసుక మీద పల్చటి నీటిపొర, అందులో తలకిందులుగా తెల్ల మబ్బు. రెండు మూడు క్షణాలే. నీరు ఇంకేకొద్దీ మెరుపు అంచుల నుంచి చెదిరిపోయి ముదురు గోధుమ రంగు మిగిలింది. రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే వెలుతురు మన కంటికి తిరిగి రావడం తగ్గిపోతుంది, అందుకే తడి ఇసుక ముదురుగా కనిపిస్తుంది. నేనేమో తడికీ పొడికీ ఒకటే పసుపు పూసి పెట్టాను.

టెన్షన్‌తో దిద్దుతుంటే గాలికి ఇసుక లేచి తడి రంగుకి అంటుకుంది. గీకెయ్యలేదు. 1870లో ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ ఒడ్డున అక్కడి చిత్రకారుడు క్లాడ్ మోనె వేసిన బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని రంగులోనూ ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. ఆయనకు చెల్లినప్పుడు నాకెందుకు చెల్లదు?

ఇక ఫోన్ కెమెరాల సంగతి. అడక్కపోయినా నీలం పెంచేస్తాయి, సూర్యాస్తమయాన్ని నారింజ రసం చేసేస్తాయి. వాటిని చూసి వేస్తే గోడ రాక ఏమొస్తుంది? ఇంకొందరు ఒడ్డు బొమ్మ అనగానే జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిన పెద్ద అలను దించేస్తారు. అందులో ఒడ్డెక్కడుంది? నడిసముద్రంలో పడవలు, దూరంగా ఫుజి కొండ, అంతే కదా!

ఫొటో పక్కన పెట్టి ఒక్కసారి ఒడ్డుకెళ్ళండి. ముందు తడి ఇసుక వేసుకోండి, నీళ్ళ సంగతి తర్వాత. పోటు ఎప్పుడొస్తుందో మాత్రం కనుక్కుని వెళ్ళండి. 1885లో ఫ్రాన్స్ తీరంలోని ఎత్రెతా దగ్గర మోనె ఆ లెక్క తప్పి అల దెబ్బ తిన్నాడు, బొమ్మ కూడా పోయింది. ఆ పిల్ల వచ్చిన రోజు నాకు పోయింది ఒక చెప్పే. మబ్బు వెయ్యడం మాత్రం కుదరలేదు.