చిన్న నాబ్‌లో క్లిక్ రావాల్సిన చోట జుయ్యిమంటోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: 35 మి.మీ. నాబ్, చుట్టుకి 24 క్లిక్కులు, ఆ క్లిక్‌ని వైబ్రేషన్‌తో వేలికి తెలిపేందుకు అడుగున 10 మి.మీ. కాయిన్ మోటారు (నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు), కోణం చదవడానికి ఏఎస్5600 (షాఫ్ట్ మీది అయస్కాంతం ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్ చిప్). నెమ్మదిగా తిప్పితే క్లిక్ ఆలస్యంగా వస్తోంది, వేగంగా తిప్పితే ఒకటే జుయ్యిమంటోంది, చెయ్యి ఆపినా ఒక్కోసారి వరసగా క్లిక్కులు పడుతున్నాయి. ఈ మూడింటికీ కారణాలు వేరు. మోటారుకి పవర్ పెంచితే ఒక్కటీ పోదు, మూడోది ఇంకా ముదురుతుంది.

ముందు మోటారు సంగతి. మీరు వాడుతున్నది ఒక పక్కకి బరువున్న చక్రం తిరిగే రకం, అంటే ఈఆర్ఎం. అది వేగం అందుకోవడానికే సుమారు 50 నుంచి 100 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఈలోగా వేళ్లు తర్వాతి గీత, అంటే తర్వాతి క్లిక్ పడాల్సిన కోణం, దాటేస్తాయి. వోల్టేజీ తగ్గిస్తే బలంతో పాటు ఫ్రీక్వెన్సీ కూడా పడిపోతుంది కాబట్టి మెత్తటి క్లిక్, గట్టి క్లిక్ అని తేడా చూపించడమూ కష్టమే. అదే సైజులో ఎల్ఆర్ఏ (లీనియర్ రెజొనెంట్ యాక్చుయేటర్) దొరుకుతుంది, అది పెట్టండి. అందులో బరువు స్ప్రింగు మీద పైకీ కిందికీ ఊగుతుంది. దానికి డీసీ ఇస్తే ఒక్కసారి కదిలి ఊరుకుంటుంది, కాయిల్ మాత్రం వేడెక్కుతుంది. దాని రెజొనెన్స్ (స్ప్రింగు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గరే ఏసీ ఇవ్వాలి. చాలావాటికి అది 175 లేదా 235 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, కొద్ది హెర్ట్జ్ పక్కకి జరిగినా బలం బాగా పడిపోతుంది.

అందుకే డ్రైవర్‌గా డీఆర్‌వీ2605ఎల్ లాంటి ఐసీ వాడడం మేలు. బ్యాక్ ఈఎంఎఫ్ (ఊగే మోటారు తిరిగి పుట్టించే వోల్టేజీ) చూసుకుంటూ రెజొనెన్స్‌ని అదే పట్టుకుంటుంది, మొదట్లో ఎక్కువ వోల్టేజీతో తోస్తుంది, చివర్లో ఎదురు ఫేజ్ ఇచ్చి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు లేకపోతే స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది, క్లిక్ అయిపోయినా వేలికి అదురు తోకలా మిగులుతుంది. ఆటో కాలిబ్రేషన్ మాత్రం మోటారుని దాని చోట అతికించి, మొత్తం బిగించాకే చేయండి. బల్ల మీద విడిగా పెట్టి చేస్తే వచ్చే విలువలు లోపల బిగించాక సరిపోవు. వేవ్‌ఫామ్ (క్లిక్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) ముందే ఐసీలో లోడ్ చేసి ఉంచి, గీత దాటిన క్షణంలో దాని ట్రిగ్గర్ పిన్‌కి ఒక పల్స్ ఇస్తే ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల లైను) వల్ల అయ్యే ఆలస్యం కూడా ఉండదు. ఏఎస్5600 వైపు కూడా ఒకటుంది: దాని స్లో ఫిల్టర్ (చదివిన కోణంలోని నాయిస్‌ని తగ్గించేది) మామూలుగా 16 రెట్ల మీద ఉంటుంది, స్థిరపడడానికి 2.2 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దాన్ని 4 రెట్లకి దించండి, నాయిస్ కాస్త పెరిగినా ఈ పనికి ఏమీ కాదు.

ఇక బిగింపు. నా అనుభవంలో సగం నాబ్‌లు పాడయ్యేది ఇక్కడే. డేటాషీట్లలో మోటారు బలాన్ని సాధారణంగా 100 గ్రాముల దిమ్మకి బిగించి కొలిచి రాస్తారు. అదే మోటారుని 300 గ్రాముల ప్యానెల్‌కి గట్టిగా స్క్రూ చేస్తే చేతికి అందేది దాదాపు మూడో వంతే. కాబట్టి నాబ్, బేరింగ్, మోటారు కలిపి 40-50 గ్రాముల ముక్కగా ఉంచి, ప్యానెల్‌కీ దానికీ మధ్య 1 మి.మీ. సిలికాన్ గాస్కెట్ పెట్టండి. స్క్రూ తల కింద కూడా రబ్బరు వాషర్ ఉండాలి. గాస్కెట్ పెట్టి, స్క్రూలు మాత్రం లోహానికి లోహం తగిలేలా బిగించేవాళ్లే ఎక్కువ. వైబ్రేషన్ అంతా ఆ స్క్రూల గుండా ప్యానెల్‌లోకి పోతుంది.

మోటారుని మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, గట్టి నేల మీద పలచటి డబుల్ సైడ్ టేపుతో అతికించాలి. ఫోమ్ టేపు వద్దు. పైనుంచి ఏదీ మోటారు డబ్బాని నొక్కకూడదు: రేకు సొట్టపడితే లోపలి బరువు దానికి తగిలి కీచుమంటుంది. కాయిన్ ఎల్ఆర్ఏ ఊగేది పైకీ కిందికీ కాబట్టి షాఫ్ట్ కూడా నిలువుగా ఏమాత్రం ఆడకూడదు. ఆడిందంటే ప్రతి క్లిక్‌తో పాటు టకటకమని ప్లాస్టిక్ చప్పుడొస్తుంది. బేరింగ్ కింద ఒక వేవ్ వాషర్ (అలలా వంగి స్ప్రింగులా నొక్కే వాషర్) వేస్తే ఆ ఆట పోతుంది. మోటారు తీగలు వెంట్రుకల్లా ఉంటాయి, టంకం దగ్గర ఒక చుక్క సిలికాన్ వేయకపోతే కొన్నాళ్లకి తెగుతాయి.

చెయ్యి ఆపినా క్లిక్కులు పడడానికి కారణం, క్లిక్ తనని తానే పుట్టించుకోవడం. నాబ్ సరిగ్గా గీత మీద ఆగితే క్లిక్ అదురుకి అయస్కాంతం కాస్త కదులుతుంది, కోణం గీత దాటుతుంది, దాంతో ఇంకో క్లిక్. 24 క్లిక్కులంటే ఒక్కోటి 15 డిగ్రీలు, సెన్సర్ లెక్కలో సుమారు 171 కౌంట్లు. మధ్యలో 7.5 డిగ్రీల దగ్గర స్థానం మార్చేయకుండా, ఉన్న చోటు నుంచి 9.5 డిగ్రీలు దాటాకే మార్చండి. అప్పుడు వెనక్కి రావాలంటే 5.5 దాకా తిప్పాలి. ఆ 4 డిగ్రీల ఎడం చాలు. ఎల్ఆర్ఏ లోపలా అయస్కాంతమే ఉంటుంది కనుక దాన్ని సెన్సర్‌కి వీలైనంత దూరంగా పెట్టి, నాబ్ కదలకుండా పట్టుకుని మోటారు ఆడిస్తూ కోణం ఎంత ఊగుతోందో ఒకసారి చూసుకోండి.

వేగంగా తిప్పినప్పటి లెక్క తేలికే. సెకనుకి 2 చుట్లు అంటే 48 క్లిక్కులు, అంటే ఒక్కోదానికి 21 మిల్లీసెకన్లు. తోపు, బ్రేకు కలిపి ఒక క్లిక్ 20-25 తీసుకుంటుంది, కాబట్టి అన్నీ కలిసిపోక తప్పదు. రెండు క్లిక్కుల మధ్య కనీసం 30 మిల్లీసెకన్లు ఉండేలా చూసి, మధ్యలోవి వదిలేయండి. లెక్కింపుని మాత్రం దీనితో ముడిపెట్టొద్దు: క్లిక్ వదిలేసినా స్థానం వదలకూడదు.

ఒక్కటి ముందే తెలిసుంటే మంచిది: వైబ్రేషన్ కబురు చెప్పగలదు గానీ వేలిని ఆపలేదు. బేరింగ్ మీద జారిపోయే నాబ్‌కి ఎంత మంచి క్లిక్ పెట్టినా బొమ్మలానే ఉంటుంది. షాఫ్ట్‌కి కాస్త డాంపింగ్ గ్రీజు పూసి బరువు తెప్పించండి. చివరి హద్దు దగ్గర మామూలు క్లిక్ కాకుండా దగ్గరదగ్గరగా రెండు గట్టివి ఇవ్వండి. నిజంగా చేతికి అడ్డం పడే హద్దే కావాలంటే గింబల్ మోటారుకి (నాబ్‌ని నేరుగా తిప్పి వేలికి ఎదురు బలం ఇవ్వగల మోటారు) వెళ్లాలి. అప్పుడు మూడు ఫేజుల డ్రైవర్, ఇంకా చాలా కరెంటు కావాలి, 35 మి.మీ.లో ఇరికించడం మరో పెద్ద పని.