గడ్డకట్టే చలికి హీట్ పంపా, గ్యాస్ ఫర్నేసా? మా ఇంట్లో జరిగింది ఇదీ

చలికాలమంతా మైనస్‌లో ఉండే చోట ఇల్లు తీసుకున్నాం, గ్యాస్ మండించి ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పెట్టించాలా, బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే కరెంట్ మెషీన్, అదే హీట్ పంపా, దేనికి ఖర్చు తక్కువ అని అడిగారు. నా ఓటు హీట్ పంపుకే. కాకపోతే దాన్ని కొనేముందు ఒక అగరబత్తి వెలిగించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మాకు దాన్ని బిగించిన మొదటి చలికాలం. బయట మైనస్ 6. రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేచి కిటికీలోంచి చూద్దును కదా, పెరట్లో ఉన్న హీట్ పంప్ పెట్టె నుంచి తెల్లగా, దట్టంగా పొగ! ఫ్యాన్ ఆగిపోయి ఉంది. లోపల బుస్సుమని చప్పుడు. కాలిపోతోందనుకుని మెయిన్ కట్టేసి, మా ఆవిడను లేపి, చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను. దగ్గరికెళితే కాలిన వాసనే లేదు. కింద నీళ్లు కారుతున్నాయి. అది పొగ కాదు, ఆవిరి.

బయటి పెట్టెలో గాలి నుంచి వేడి లాగే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద మంచు పేరుకుంటే, మెషీన్ కొన్ని నిమిషాలు తిరగబడి ఏసీలా పనిచేస్తుంది. ఇంట్లోని వేడి కాస్త తీసుకెళ్లి ఆ మంచును కరిగించుకుంటుంది. డీఫ్రాస్ట్ అంటారు. బిగించిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే నా కాళ్లు కొయ్యబారేవి కావు. దిండంత మాన్యువల్ మాత్రం చేతిలో పెట్టి వెళ్లాడు.

మైనస్‌లో గాలిలో వేడెక్కడిదని మా బావ ఇప్పటికీ వాదిస్తాడు. ఫ్రీజర్ కూడా మైనస్‌లో ఉన్న చోటు నుంచే వేడి లాగి వెనక వదులుతుంది కదా, ఇదీ అంతే. మామూలు కరెంట్ హీటర్ ఒక యూనిట్ కరెంట్ తింటే ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ ఓ మోస్తరు చలిలో మూడు దాకా ఇస్తుంది. మైనస్ 15 దగ్గర కూడా, చలి ప్రాంతాల కోసం చేసిన మోడల్ అయితే, రెండుకు అటూ ఇటూ వస్తుంది. బయటికి పోయే పొగలోని వేడిని కూడా పట్టుకునే కొత్త కండెన్సింగ్ ఫర్నేస్ గ్యాస్‌లోని వేడిలో 95 శాతం దాకా ఇంటికిస్తుంది, అదీ తీసిపారేసేది కాదు. గ్యాస్ బాగా చవకైతే బిల్లు దానికే తగ్గొచ్చు. నేను మాత్రం ఇంట్లో మంట, కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఆ టెన్షన్ వద్దనుకున్నాను.

మొదటి నెల బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. తప్పు మాదే. చలేసినప్పుడల్లా థర్మోస్టాట్‌ను 19 నుంచి ఒకేసారి 26కి తిప్పేవాళ్లం. తేడా అంత కనబడేసరికి లోపల సాయానికని పెట్టిన ఆగ్జిలరీ హీటర్ ఆన్ అవుతుంది. అది ఉత్త కరెంట్ కాయిలే! 20 దగ్గర పెట్టి ముట్టుకోకండి. ముట్టుకోకుండా ఇంట్లోవాళ్లను ఆపడమెలాగో తెలిస్తే నాకూ చెప్పండి.

ఇక అగరబత్తి. గాలి వీచే రోజున దాన్ని కిటికీ అంచుల దగ్గర, తలుపుల కింద, స్విచ్‌బోర్డుల దగ్గర పట్టుకోండి. పొగ కదిలిందంటే అక్కడ గాలి దూరే కన్నం ఉన్నట్టే. మా ఇంట్లో అటక మూత దగ్గర పొగ ఎవరో పైనుంచి పీలుస్తున్నట్టు సర్రున లోపలికి పోయింది. మూత చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, అటకమీద ఇన్సులేషన్ మందం పెంచాక, అదే మెషీన్ మాకు మరీ పెద్దదైపోయింది. ఓ మాదిరి చలిలో కాసేపు నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదలు. ఇలా ఊరికే ఆగి నడిస్తే కరెంటూ దండగే, కంప్రెసరూ అరుగుతుంది. అసలు మాకు సైజు చెప్పినాయన గడప దాటి లోపలికే రాలేదు, బయట నిలబడి ఇల్లు చూసి చెప్పేశాడు. గది గదికీ ఎంత వేడి బయటికి పోతోందో లెక్క కట్టకుండా సైజు చెప్పేవాళ్లను వాకిట్లోంచే పంపేయండి. ఆ కన్నాలేవో నేను ముందే పూడ్చి ఉంటే ఒక సైజు చిన్నదాంతో సరిపోయేది.