పేరు చెవిన పడితే చాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్. ఫోన్‌లో గేమ్ ఆడేటప్పుడు పక్కన నిలబడి పదిసార్లు పిలిచినా ఉలకడు పలకడు. అదే నేను వంటింట్లో వాళ్ళ నాన్నతో మెల్లగా వాడి మార్కుల గురించి మాట్లాడుతుంటే మాత్రం "నా గురించేనా" అంటూ లేచొచ్చేస్తాడు. కావాలనే నటిస్తున్నాడని ఆయన కోప్పడుతున్నారు. నిజంగా నటనేనంటారా?
- ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందు వాళ్ళ నాన్నగారిని కాస్త శాంతించమనండి, ప్రతిసారీ నటన అయ్యుండదు. 1953లో కాలిన్ చెర్రీ అనే సైంటిస్టు కొంతమందికి హెడ్‌ఫోన్స్ పెట్టి రెండు చెవుల్లో రెండు వేరే మాటలు వినిపించి, ఒక చెవిలో వచ్చేదాన్ని పైకి అప్పజెప్పమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు పోయి ఆడ గొంతు వస్తే పట్టుకున్నారు గానీ, అసలు అక్కడేం చెప్పారో, ఆఖరికి ఏ భాషలో చెప్పారో కూడా చెప్పలేకపోయారు. తర్వాత 1959లో నెవిల్ మోరే ఇంకాస్త ముందుకెళ్ళాడు, ఆ పట్టించుకోని చెవిలో కొన్ని పదాలు 35 సార్లు వినిపించినా ఎవరికీ గుర్తులేవు, కానీ వాళ్ళ సొంత పేరు వినిపిస్తే మాత్రం కొందరు టక్కున పట్టేశారు.

ఇక్కడ అందరూ వదిలేసే విషయం ఒకటుంది, అదే మీకు కావాల్సింది. పేరు పట్టుకున్నది దాదాపు మూడోవంతు మందే, మిగతావాళ్ళకి సొంత పేరు కూడా అందలేదు! 2001లో ఆండ్రూ కాన్వే బృందం ఇలాంటి ప్రయోగమే చేస్తే, ఒకేసారి ఎక్కువ విషయాలు మనసులో పట్టి ఉంచుకోగలిగేవాళ్ళలో 20 శాతం మందికి, ఆ శక్తి తక్కువ ఉన్నవాళ్ళలో 65 శాతం మందికి పేరు వినపడింది. అంటే పేరు వినపడకపోవడం ఒక్కోసారి ధ్యాస గట్టిగా నిలిచి ఉందనడానికి గుర్తు. అలాగని గేమ్ ఆడటం మంచిదని నేను అనట్లేదు, వినపడలేదంటే పొగరే అని తేల్చెయ్యొద్దు అంటున్నా, అంతే.

మరి వంటింట్లో మాట ఎలా వినపడిందంటే, మనం పట్టించుకోని శబ్దాన్ని కూడా మెదడు పూర్తిగా పారెయ్యదు, జల్లెడ పడుతూనే ఉంటుంది, మన పేరు, మన సంగతి లాంటివి ఒక్కోసారి చిన్న శబ్దంతోనే పైకి తేలతాయి. నిద్రపోతున్నవాళ్ళకి పేర్లు వినిపించి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) తీస్తే సొంత పేరుకి వచ్చే స్పందన వేరేగా ఉందని కూడా చూశారు. పైగా గేమ్‌లో లోడింగ్ అవుతున్నప్పుడో, ఒక రౌండ్ అయిపోయినప్పుడో ధ్యాస కాస్త సడలుతుంది కదా, మీ మాట ఆ టైంలో పడి ఉండొచ్చు. వాడు వినకుండా పోయిన వంటింటి కబుర్లు ఎన్నో మనకి లెక్క తెలీదు కూడా.

దూరం నుంచి కేకలెయ్యడం మానేసి, దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి, వాడు మీ మొహం చూశాకే విషయం చెప్పండి. ఫోన్ లేనప్పుడు కూడా మాటిమాటికీ "ఆఁ? ఏంటి?" అంటుంటే మాత్రం ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: పెళ్ళి గ్రూప్ ఫొటో వాట్సాప్‌లో రాగానే ముందు నన్ను నేనే వెతుక్కుంటా. "మీకు మీరే ముఖ్యం" అంటుంది మా ఆవిడ. ఇది స్వార్థమా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: స్వార్థం అనను. మీరు నిర్ణయించుకునేలోపే జరిగిపోయే పని అది. 2012లో జీ సుయి, గ్లిన్ హంఫ్రీస్ చేసిన ప్రయోగం నాకు భలే నచ్చుతుంది, అందులో ఫొటో లేదు, పేరు లేదు, ఉత్త ఆకారాలే. ఉదాహరణకి త్రిభుజం అంటే మీరు, వృత్తం అంటే మీ ఫ్రెండ్, చతురస్రం అంటే ఎవరో తెలియని మనిషి అని చెప్తారు. తర్వాత తెర మీద ఒక ఆకారం, ఒక మాట కలిపి క్షణకాలం చూపించి జత కుదిరిందా లేదా చెప్పమంటారు. "నేను" అని ఇచ్చిన ఆకారం ఏదైనా సరే దానికే జవాబు త్వరగా వచ్చింది, తప్పులూ తగ్గాయి. కాసేపటి క్రితం దాకా మనకి ఏమీ కాని త్రిభుజం, "ఇది నువ్వు" అనగానే మనదైపోయింది!

2013లో వాళ్ళే మెదడు స్కాన్ తీసి చూస్తే అందులో రెండు చోట్లు కలిసి పనిచేస్తూ కనిపించాయి, ఒకటి నుదుటి వెనకాల, మధ్యలో కింది వైపు ఉండే భాగం, ఇది "నాది" అన్న భావానికి సంబంధించింది, రెండోది ఎడమ చెవి వైపు ఉండే భాగం, ఎదుటివాళ్ళ చూపు, కదలిక లాంటివాటి మీదకి ధ్యాస మళ్ళించేది. ఫ్రెండ్‌కో, తెలియనివాళ్ళకో ఇచ్చిన ఆకారాల దగ్గర మాత్రం, మనం ప్రయత్నం చేసి ధ్యాస పెట్టేటప్పుడు వాడే వేరే వ్యవస్థ ఎక్కువ పనిచేసింది.

మీ ఆవిడగారికి ఇంకోటి కూడా చెప్పండి. 2007లో చైనావాళ్ళనీ పాశ్చాత్యులనీ స్కానర్‌లో పడుకోబెట్టి, ఈ గుణం మీలో ఉందా, మీ అమ్మలో ఉందా అని అడిగారు. తన గురించి ఆలోచించేటప్పుడు నుదుటి వెనక చురుగ్గా ఉండే భాగం, చైనావాళ్ళలో అమ్మ గురించి ఆలోచించినప్పుడు కూడా అలాగే పనిచేసింది, పాశ్చాత్యుల్లో అలా కనపడలేదు. అంటే "నేను" అనేదానికి మెదడు గీసుకునే హద్దు అందరికీ ఒకే చోట ఆగదు, కొందరిలో అయినవాళ్ళనీ లోపలికి తీసుకుంటుంది. మీరు ఫొటోలో మీ తర్వాత ఎవర్ని వెతుకుతున్నారో ఆవిడనే గమనించమనండి.

ప్రశ్న: నేను ఐదో తరగతి టీచర్ని. మన పేరు, మన సంగతి అయితే ధ్యాస ఇట్టే మళ్ళుతుందంటారు కదా, ఇలాంటివి క్లాసులో ఏమైనా పనికొస్తాయా?
- ఒక ఉపాధ్యాయిని, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: బాగా పనికొస్తాయి మేడమ్. ఒక పదం "నాకు వర్తిస్తుందా" అని ఆలోచించినవాళ్ళకి అది ఎక్కువ గుర్తుంటుందని 1977లోనే రోజర్స్, కైపర్, కిర్కర్ చూపించారు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లలు స్పెల్లింగ్ పదాలతో "నేను" అని మొదలుపెట్టి వాక్యాలు రాస్తే, వేరేవాళ్ళ గురించి రాసినప్పటికంటే స్పెల్లింగులు బాగా వచ్చాయి. ఖర్చు లేని పని, రేపే మొదలుపెట్టొచ్చు. లెక్కల్లో కూడా పుస్తకంలో ఉన్న పేరు తీసేసి మీ క్లాసు పిల్లల పేర్లు, వాళ్ళ ఊరి సంత, వాళ్ళు ఎక్కే బస్సు పెట్టి చూడండి.

అయితే ఇదే గుణం రెండో వైపు కూడా లాగుతుంది. ఇంట్లో గొడవ, కట్టాల్సిన ఫీజు, పక్కపిల్లలు తన గురించి అన్న మాట, ఇవన్నీ ఆ పిల్ల సొంత సంగతులే కాబట్టి బోర్డు మీద మీరు రాసేదానికంటే గట్టిగా ధ్యాసని లాగేస్తాయి. రోజూ పరధ్యానంగా కనిపించే పిల్ల ఉంటే, అందరి ముందు పేరు పెట్టి గద్దించకండి, ఇంటర్వెల్‌లో పక్కకి పిలిచి ఏమైందో కనుక్కోండి.