రొట్టె తెగకుండ రావాలంటే

బిడ్డా,

జొన్నరొట్టె కొడుతుంటే అంచులు పగులుతున్నయని, పెంక మీద ఏసేటప్పుడు నడిమికి తెగుతున్నదని అంటున్నవు. చెయ్యి తిరగక కాదు, లోపం పిండిల, నీళ్లల్ల ఉంటది. గోధుమపిండి సాగినట్టు జొన్నపిండి సాగదు. మరిగిన నీళ్లకు కొంత పిండి ఉడికి బంకయితది, రొట్టెను పట్టి ఉంచేది అదే.

గిర్నిల రెండు కిలోలకు మించి పట్టియ్యకు. నున్నగ పట్టమను. తెచ్చిన పిండిని వేడి మీద డబ్బల పోసి మూత పెడితే చెమట పట్టి ముక్కవాసనొస్తది, బట్ట మీద పరిచి ఆరినంక ఎత్తిపెట్టు. పదిహేను రోజులల్ల ఒడగొట్టు, ఆ తర్వాత జిగి పోతది. చెయ్యి కుదిరేదాక తెల్లజొన్నలే తీసుకో. పచ్చజొన్న రుచి ఎక్కువే గని, కొత్తోళ్లకు లొంగదు.

రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు. బుగ్గలొచ్చి తెర్లాలె, గోరువెచ్చనివి పనికిరావు. తాంబాళంల పిండికి నడుమ గుంత చేసి నీళ్లు పోసి గంటెతోని కలుపు. పిండిని బట్టి ఇంకో నాలుగు చెంచాలు పట్టొచ్చు, అందుకని కొన్ని వేడినీళ్లు పక్కకు ఉంచుకో. అయిదు నిమిషాలు మూత పెట్టినంక, ఒక్క రొట్టెకు సరిపడ ముద్ద తీసి అరచేతి మడిమతోని ముందుకు తోస్తూ రెండు మూడు నిమిషాలు పిసుకు. మిగిలినదాని మీద తడిబట్ట కప్పు. అంతా ఒక్కసారే పిసికి పెడితే ఆఖరి ముద్ద ఆరి పగులుతది. ముద్దను బొటనవేలుతోని ఒత్తి చూడు: అంచు చీలితే చెయ్యి తడి చేసుకొని మళ్లా పిసుకు. ఈడ బద్ధకిస్తే తర్వాత ఏం చేసినా రొట్టె నిలవదు.

పీట మీద పొడిపిండి చల్లి, వేళ్లు దగ్గరికి పెట్టి కొట్టు. రొట్టె దానంతటదే తిరుగుతుండాలె. తిరగకుంటే కింద పిండి తక్కువైందని లెక్క. గుంజకు, అంచు లేపి ఇంత పిండి చల్లు. అప్పడాల కర్ర జోలికి పోకు. గోధుమపిండి కలపమని చెప్పేటోళ్లుంటరు, అది వేరే రొట్టె.

పెంక మీద నీళ్లు చిలకరిస్తే చుర్రుమనాలె. పొడిపిండి అంటిన దిక్కు పైకొచ్చేటట్టు ఏసి, ఎంబడే తడిబట్టతోని మొత్తం తుడువు. తుడవని తావుల తెల్లమచ్చలొస్తయి, రొట్టె గట్టిపడతది. తడి ఇంకంగనే తిప్పు, పూర్తిగ ఎండనిస్తే పగులుతది. రెండో దిక్కు నిదానంగ కాలనిచ్చి, మళ్లా తిప్పి బట్టతోని అంచుల మీద ఒత్తు, పొంగుతది. మంట తక్కువైతే పొంగదు, అప్పడం లెక్క ఎండుతది.

దించినంక ఒకదాని మీద ఒకటి పెట్టకు, ఆవిరికి కింది రొట్టె నానుతది. గంపల నిలబెట్టు. పుంటికూర పప్పు ఉన్న పూట ఇంకేం చెయ్యనవసరం లేదు, లేకుంటే ఉల్లిగడ్డ, పల్లికారం.

మీ అత్తమ్మ కొట్టేటప్పుడు పక్కన కూసోని ఆమె ఎడమచెయ్యి చూడు. కుడిచెయ్యి కొడుతుంటది, ఎడమచెయ్యి అంచును చీలకుండ ఆపుతుంటది. ఇది కాయితం మీద చెప్తే రాదు.

తెగినయి పారెయ్యకు. వేడి మీదనే నలిపి బెల్లం, నెయ్యి కలిపితే పిల్లలకు మలీద అయితది. చల్లారితే పలుకులు పలుకులుగ ఉంటది, బెల్లం పట్టదు.

మీ పెద్దమ్మ