కౌలు కార్డుకి భూమి యజమాని సంతకం పెట్టనంటే ఏం చేయాలి? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ ప్రశ్న చదివాను. మీ నాన్నగారు నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నారు, సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల కార్డు, అంటే కౌలు కార్డు) కాగితం మీద సంతకం పెడితే పొలం చేజారిపోతుందని యజమాని భయపడుతున్నారు, ఆ కార్డు లేకపోతే పంట రుణం, బీమా, నష్టపరిహారం ఏవీ రావా అని అడిగారు. మేం మూడేళ్లు ఇదే టెన్షన్ పడ్డాం కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు, మా నాన్న కాగితాలన్నీ చూసుకునే కొడుకుని, అంతే.

మాది బాపట్ల వైపు, కొమ్మమూరు కాలువ కింద. సొంత పొలం 30 సెంట్లు, కౌలుకు ఐదెకరాలు. ఎకరాకు 18 బస్తాలని మాట, ఏళ్ల తరబడి ఆ మాట మీదే నడిచింది, కాగితం ఎప్పుడూ లేదు. 2023లో ఈ-పంట నమోదు, అంటే ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క, యజమాని పేరు మీద జరిగిపోయింది. ఆయన పండక్కి ఊరొచ్చినప్పుడు వేలిముద్ర వేసి వెళ్లారు, దాంతో ఏం తేడా వస్తుందో మాకూ అప్పుడు తెలియదు. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా వరి కోసి పనల మీద ఉంది. నాలుగు రోజులు నీళ్లలో నాని కంకుల్లోనే మొలకలొచ్చాయి. విత్తనం, ఎరువు, కూలి, కోత అంతా మాది, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ మాత్రం ఈ-పంటలో పేరున్న యజమాని ఖాతాలో పడింది. ఆయన చెడ్డవారు కాదు, కానీ మేం ఇవ్వలేకపోయిన కౌలు బస్తాల కింద ఆ డబ్బు జమ వేసుకున్నారు. మా నాన్న ఒక్క మాట కూడా అనలేదు, వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అందుకే ముందుగా చెప్పేది, కార్డు ఒక పని, ఈ-పంట ఇంకో పని, రెండూ కలిపి చూడకండి. నష్టపరిహారం, పంటల బీమా, ప్రభుత్వ ధాన్యం కొనుగోలు, ఈ మూడూ ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరుందో దాని వెంటే పోతాయి. తర్వాతి ఏడాది కార్డు చేతికి రాకముందే మా నాన్న రైతు సేవా కేంద్రానికి వెళ్లి, యజమానితో ఫోన్‌లో మాట్లాడించి, సాగు చేస్తున్నది తానేనని చెప్పి తన పేరు మీద నమోదు చేయించుకుని తానే వేలిముద్ర వేశారు. సంతకం పెట్టడానికి భయపడ్డ మనిషి ఫోన్‌లో "అవునమ్మా, చేసేది ఆయనే" అనడానికి భయపడలేదు. మీరు కూడా సంతకం కోసం ఆగకుండా ఈ పని ముందు చేసుకోండి.

ఇక సంతకం సంగతి. యజమానుల భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తీసిపారేస్తే వాళ్లు ఎప్పటికీ కదలరు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం, తర్వాత 1974లో దానికి చేసిన సవరణల ప్రకారం కౌలు కనీసం ఆరేళ్లు ఉండాలి, యజమాని తనకు తోచినప్పుడు ఖాళీ చేయించడానికి లేదు, అమ్మితే కౌలుదారుకే ముందు అడగాలి. కౌలుదారుని కాపాడాలని చేసిన చట్టమే అది, కానీ దానికి జడిసి యజమానులు కాగితం రాయడమే మానేశారు. రెండు మూడేళ్లకోసారి కౌలుదారుని మార్చడం, అంతా నోటిమాట మీద నడపడం మా ప్రాంతంలో అలా స్థిరపడిపోయాయి. మా ఆసామి వాళ్ల నాన్నగారు ఆ రోజుల్లో ఒక కౌలుదారు మీద ఏళ్ల తరబడి కేసు నడిపారట. ఈ ముక్క మాకు 2024 దాకా తెలియదు! ఆయన "కుదరదు" అంటుంటే పొగరు అనుకున్నాం.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం అలాంటిది కాదు. ఒప్పందం 11 నెలలకే. పేరులోనే ఉంది, హక్కు పంట మీద, భూమి మీద కాదు. యజమాని, సాగుదారు, ఊళ్లో రెవెన్యూ అధికారి సంతకాలు ఉంటాయి, గడువు అయిపోగానే ఆ కాగితం బలం కూడా అయిపోతుంది. నేను నమూనా పత్రం రెండు కాపీలు తీసి, మా నాన్నతో కలిసి ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని మొత్తం చదివి వినిపించాను. "బాబాయి గారూ, ఇందులో మీ పొలం మీద మాకు హక్కు వచ్చే ముక్క ఒక్కటి చూపించండి, ఇక్కడే చింపేస్తాం" అన్నారు మా నాన్న. ఆయన వెంటనే పెట్టలేదు, కాపీ హైదరాబాదులో ఉన్న కొడుక్కి పంపించి, అతను తెలిసిన లాయర్‌కి చూపించాక పది రోజులకి పెట్టారు. మీరూ తొందరపెట్టకండి, కాగితం వాళ్ల దగ్గర వదిలేసి రండి. నలుగురిలో అడిగితే మాత్రం ఎవరూ పెట్టరు.

ఇంకో భయం కూడా ఉంటుంది, తమకొచ్చే సాయం ఆగిపోతుందని. పీఎం కిసాన్ 6,000 భూమి ఉన్న కుటుంబాలకే, కౌలుదారులు అందులో లేనే లేరు, కార్డు వల్ల అది ఆగదు. 2024 దాకా ఉన్న రాష్ట్ర ప్రభుత్వ రైతు భరోసా పథకంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఇచ్చిన 13,500 కూడా యజమాని వాటా కోసి ఇచ్చింది కాదు. ఇది ఆయనకి విడిగా చెప్పండి, నోరు తెరిచి అడగరు గానీ మనసులో ఉంటుంది.

నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. 2011లో తెచ్చిన చట్టంలో కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే ఊళ్లో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవాళ్లు, యజమాని సంతకం అక్కర్లేదు. దాని స్థానంలో 2019 చట్టం తెచ్చి సంతకం తప్పనిసరి చేయడం పెద్ద తప్పు. పొలంలో ఎవరు దిగుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు, అది తేల్చడానికి యజమాని దయ ఎందుకు? పైగా 11 నెలలే కాబట్టి ప్రతి ఏడాదీ మళ్లీ ఆ గుమ్మం ఎక్కాల్సిందే. కౌలు రైతు సంఘాలు ఈ సంతకం తీసేయమని అడుగుతూనే ఉన్నాయి, అది న్యాయమైన కోరికే.

కార్డు వచ్చాక బ్యాంకు దగ్గర ఇంకో అడ్డు ఉంది, దానికి సిద్ధంగా ఉండండి. మాకు కార్డు చూడగానే "ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే పంట రుణం ఉంది" అన్నారు. నిజమే, యజమాని పాస్‌బుక్ పెట్టి తీసుకున్నారు. ఒకే పొలానికి ఒకే పంటకి ఇద్దరికి ఇవ్వం అన్నారు. రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని చెప్పినా, ఈ సర్వే నంబరు గొడవ దగ్గర అది అక్కరకు రాలేదు. చివరికి మా వీధిలోని ఐదుగురు కౌలుదారులు కలిసి జేఎల్‌జీ, అంటే ఉమ్మడి బాధ్యతా బృందం కట్టుకున్నారు. నలుగురి నుంచి పదిమంది దాకా ఉండొచ్చు, ఒకరికొకరు పూచీ. మనిషికి 50,000 వచ్చింది. ఐదెకరాల పెట్టుబడికి చాలదు, కానీ ఆ మేరకు రెండు రూపాయల వడ్డీ తప్పింది. సకాలంలో కడితే పంట రుణం మీద వడ్డీ నాలుగు శాతానికి దిగుతుంది, బయట రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బృందంలో ఎవరిని చేర్చుకుంటున్నారో మాత్రం బాగా చూసుకోండి. ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్లందరికీ మళ్లీ రుణం పుట్టదు.

మీ నాన్నగారి ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఒకదానికొకటి లింకై ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, మాకు అక్కడ పది రోజులు పోయాయి. నమోదు అయ్యాక ఈ-పంట జాబితాను తనిఖీ కోసం ఊళ్లోనే అంటిస్తారు. ఫలానా సర్వే నంబరు పక్కన సాగుదారుగా మీ నాన్నగారి పేరే ఉందా, విస్తీర్ణం సరిగ్గా ఉందా అని మీరే వెళ్లి చదవండి, తప్పుంటే తుది జాబితా కాకముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి నకలు మీద తేదీ వేయించుకోండి. యజమాని ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో కింద రాస్తే, మా నాన్నని అడిగి చెబుతాను.