యాడ్ ఏజెన్సీలో ఒంటి రంగు అడ్డమొస్తుందా?

పద్మావతి మహిళా యూనివర్సిటీలో జర్నలిజం చదివే మీ చెల్లెలు యాడ్ ఏజెన్సీలో చేరతానంటోంది, ఇంట్లోవాళ్లేమో "రంగు తక్కువ పిల్ల, ఇంగ్లీషు అంతంత మాత్రం, అక్కడెవరు రానిస్తారు, బ్యాంకు పరీక్షలు రాసుకో" అంటున్నారు, అంతే కదా మీ ప్రశ్న. నేను చెన్నైలో కొన్నేళ్లు కాపీరైటర్‌గా, అంటే యాడ్స్‌లో మాటలు రాసే పని, చేసి ఇప్పుడు తిరుపతిలోనే బట్టల షాపులకీ నగల షాపులకీ యాడ్స్ చేస్తున్నా.

రంగు గొడవ కెమెరా ముందుండేవాళ్లకి, అది నిజంగానే ఉంది. మొన్నొక చీరల షాపు ఫ్లెక్సీకి మన ఊరి అమ్మాయినే పెట్టి ఫోటోలు తీశాం. ఓనరు మా డిజైనర్ పక్కనే కుర్చీ వేసుకుని "ఇంకొంచెం తెలుపు, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు, చివరికి మొహం ఒక రంగు, చేతులు ఒక రంగు. చీర కూడా వెలిసినట్టు కనబడేసరికి ఆపాడు, అదీ చీర కోసం! తెల్లబరిచే క్రీముల యాడ్స్‌లో నల్లగా ఉన్నవాళ్లని తక్కువ చేసి చూపించొద్దని యాడ్స్ హద్దు దాటకుండా చూసే పరిశ్రమ సంస్థ ఏఎస్‌సీఐ 2014లోనే చెప్పింది, ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, కానీ మన ఫ్లెక్సీల దాకా ఆ గాలి రాలేదు.

మీ చెల్లెలు చేసేది కెమెరా వెనక పని. అక్కడ రంగు వల్ల ఉద్యోగం రానివాళ్లని నేను చూడలేదు, డబ్బుల్లేక మానుకున్నవాళ్లని మాత్రం బోలెడుమందిని చూశా. "చిన్న ఊళ్ల పిల్లలకి ఈ ఫీల్డ్ ఇష్టం ఉండదు" అనేవాడు మా పాత బాస్. స్టైపెండ్ హాస్టల్‌కే చాలకపోతే ఇంటికి డబ్బు పంపాల్సినవాడు ఏ మొహం పెట్టుకుని ఇష్టపడతాడు సార్? ఏజెన్సీల్లోకి ఎవరిని రానిస్తారన్న ఈ గొడవ న్యూయార్క్‌లో జాతి పేరుతోనే నడిచింది, నల్లజాతివాళ్లని ఎక్కువమందిని తీసుకుంటామని 2006లో నగర మానవ హక్కుల కమిషన్ పెద్ద పెద్ద ఏజెన్సీల చేత రాయించుకోవాల్సి వచ్చింది. మైనారిటీ విద్యార్థుల కోసం అక్కడి ఏజెన్సీల సంఘం 1973 నుంచే ఇంటర్న్‌షిప్ నడుపుతున్నా పరిస్థితి అది. మన దగ్గర రాయించుకునేవాళ్లు కూడా లేరు.

ఇంగ్లీషు క్లయింట్‌తో మాట్లాడేవాళ్లకి గట్టిగా కావాలి, తెలుగు కాపీ రాసేవాళ్లకి మీటింగ్‌లో నోరు విప్పేంత ఉంటే చాలు. పోర్ట్‌ఫోలియోలో, అంటే ఉద్యోగానికి వెళ్లేటప్పుడు చూపించే తన పనుల ఫైల్లో, కాలేజీ అసైన్‌మెంట్లు వద్దు, చిత్తూరు మామిడి గుజ్జుకో కాళహస్తి కలంకారీకో సొంతంగా నాలుగైదు యాడ్స్ రాసి పెట్టమనండి. చేరేముందు స్టైపెండ్ ఎంతో మెయిల్‌లో తీసుకోవాలి, "పని చూసి ఇస్తాం" అన్నారంటే ఇంకో చోటు చూసుకోవడమే. బ్యాంకు పరీక్ష కూడా రాయనివ్వండి, ఫీజు ఎలాగూ కట్టేశారుగా.