ప్లాటినం రేటింగు: పురస్కారమా, గుర్తింపా?

సందేహం: హరిత భవనాల వార్తల్లో కొందరు 'ఇంధన సామర్థ్యంలో ఈ భవనం ప్లాటినం పురస్కారాన్ని గెలుచుకుంది' అనీ, మరికొందరు 'ప్లాటినం గుర్తింపు పొందింది' అనీ రాస్తున్నారు. ఏది సరైనది? 'ఇంధన సామర్థ్యం' ఇక్కడ తగిన మాటేనా?

సమాధానం: రెండో వాక్యమే సరైనది. పురస్కారమంటే ముందుకు తెచ్చి నిలపడమని వ్యుత్పత్త్యర్థం కనుక, పలువురిలో కొందరిని ఎంచి గౌరవించినప్పుడే ఆ మాట పొసగుతుంది. ప్లాటినం అనేది లీడ్ రేటింగులో, అంటే అమెరికా హరిత భవన మండలి రూపొందించిన మదింపు పద్ధతిలో, ఒక స్థాయి. అందులో అటువంటి ఎంపిక లేదు. స్థలం, నీరు, విద్యుత్తు, నిర్మాణ సామగ్రి, లోపలి గాలి, వెలుతురు మొదలైన అంశాల్లో భవనానికి పాయింట్లు వేస్తారు. లీడ్ నాలుగో కూర్పు (వెర్షన్ 4) నిబంధనల ప్రకారం 110 పాయింట్లకు కనీసం 40 వస్తే సర్టిఫైడ్, 50 వస్తే సిల్వర్, 60 వస్తే గోల్డ్, 80 వస్తే ప్లాటినం. ఒకే ఏడాది వంద భవనాలకు 80 చొప్పున వస్తే వందకూ ప్లాటినమే. డిగ్రీ విద్యార్థి 'ఫస్ట్ క్లాసులో ఉత్తీర్ణుడయ్యాడు' అంటాం గాని, 'ఫస్ట్ క్లాసు గెలుచుకున్నాడు' అనం కదా!

హైదరాబాదులో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) వారి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో లీడ్ ప్లాటినం రేటింగు పొందింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకున్న తొలి భవనం అదే. మరుసటి ఏడాది జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. దాని గురించి 'ప్రపంచంలోకెల్లా ఉత్తమ భవనంగా అవార్డు గెలిచింది' అని రాస్తే వాక్యానికి హంగు వస్తుంది గాని విషయం తప్పుతుంది. ఏటా డిసెంబరు 14న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చే జాతీయ ఇంధన పొదుపు పురస్కారాల మాట వేరు. వాటికి దరఖాస్తులు పిలిచి, వచ్చినవాటిలో మేలైనవాటిని ఎంచుతారు కాబట్టి అక్కడ పురస్కారమనే అనాలి.

ఇక 'ఎనర్జీ ఎఫిషియెన్సీ'కి వాడుతున్న 'ఇంధన సామర్థ్యం'. ఇంధనమంటే మండించేది; కట్టెలు, బొగ్గు, పెట్రోలు ఇంధనాలే గాని, విద్యుత్తు ఇంధనం కాదు. పైగా ఈ సమాసాన్ని విడదీస్తే 'ఇంధనం యొక్క సామర్థ్యం' అని వచ్చి, బొగ్గు ఎంత వేడినిస్తుందో చెబుతున్నట్లుంటుంది. అయినా రాష్ట్రంలో విద్యుత్తును చూసే ప్రభుత్వ శాఖకే 'ఇంధన శాఖ' అని పేరు స్థిరపడినందువల్ల దీన్ని తప్పని కొట్టివేయలేము. 'పొదుపు' అన్నా పూర్తిగా సరిపోదు, ఎందుకంటే దీపం ఆర్పి చీకట్లో కూర్చోవడమూ పొదుపే. పైన చెప్పిన భవనంలో గాలి గోపురాలు గాలిని ఏసీ యంత్రాలకు చేరకముందే కొంత చల్లబరుస్తాయి. పైకప్పు మీది పచ్చిక ఎండ వేడిని అడ్డుకుంటుంది. పగటి వెలుగు లోపలికి పడేలా కట్టినందువల్ల దీపాల అవసరం తగ్గుతుంది. అంటే సౌకర్యం తగ్గకుండానే విద్యుత్తు ఖర్చు తగ్గుతోంది. ఆ సంగతిని సమాసంలో ఇరికించడం కంటె విడమరచి చెప్పడమే నాకు మేలనిపిస్తుంది. మీరు చూపిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'తక్కువ విద్యుత్తుతో నడిచేలా కట్టిన ఈ భవనానికి ప్లాటినం రేటింగు లభించింది.'